మొదటి దెబ్బ ఎవరిది?

మా ఇంగ్లీషు మాస్టారు పోయారన్న కబురు నాకు యూనివర్సిటీ హాస్టల్లో, భోజనం మధ్యలో అందింది. వార్డెన్ గదికి ఫోన్ వచ్చిందని పిలిస్తే ఎంగిలి చేత్తోనే వెళ్ళాను. అవతల మా అన్నయ్య. "మాస్టారు పోయారే. ఖమ్మం దవాఖానాలో, తెల్లవారుతుండగా. కుసుమంచి పక్కన వాళ్ళ ఊరికి తీసుకెళ్ళారు" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "నేనూ బాబాయీ బండి మీద బయల్దేరుతున్నాం" అన్నాడు.

మొదటి మాట నన్ను అక్కడే నిలబెట్టేసింది. రెండో మాట ఆ రోజంతా నన్ను కూర్చోనివ్వలేదు. మా అన్నయ్యా, మా బాబాయీ ఒకే మోటారు సైకిల్ ఎక్కి ఒకే చావుకు వెళ్ళారంటే అందుకు కారణం మా మాస్టారు. ఆయనకు ఆ పని చేసే వీలు కల్పించింది అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం. ఆ పుస్తకంలో ఉన్నది మా జిల్లాలో ఎవరూ చూడని ఒక మంచు దీవి. ఇది ఎలా జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

కాలేజీలో పెట్టిన సంతాప సభకు వెళ్ళాను. వక్తలు ఆయన్ని మహోన్నత వ్యక్తి అన్నారు, నిరాడంబర జీవి అన్నారు, ఆయన లేని లోటు తీరదన్నారు. నేను బల్ల కింద గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. ఆయన క్లాసులో ఇందులో ఏ ఒక్క మాట వాడినా చాక్‌పీసు వచ్చి నుదుటికి తగిలేది. "గొప్పోడు అనకు. ఏం జేసిండో చెప్పు. గొప్పోడా కాదా అన్నది ఇన్నోడు జూసుకుంటడు" అనేవారు. నా వంతు వచ్చినప్పుడు నేను లేచి, ఆయన ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ అదే గొడుగు పట్టుకొచ్చేవారని, చాయ్ సాసర్లో పోసుకుని తాగేవారని, పాఠం చెబుతూ ఎన్నడూ కూర్చోలేదని, ఒక ఆదివారం బస్సెక్కి మా ఊరు వచ్చారని చెప్పి దిగిపోయాను. ముందు వరసలో ఎవరో "ఇదేం సంతాపం" అని గొణిగారు. ఆ గొణుగుడు మాస్టారికి నచ్చి ఉండేది.

ఆ నియమం ఆయన సొంతం కాదు. యూరప్‌కు పైన, సముద్రం మధ్యలో ఐస్‌లాండ్ అనే దీవి ఉంది. అక్కడి వాళ్ళు కొన్ని వందల ఏళ్ళ కిందట తమ తాతముత్తాతల తగాదాలను వచనంలో రాసి పెట్టుకున్నారు. వాటిని సాగాలు అంటారు. అందులో రాజుల కథలూ ఉన్నాయి గానీ మాస్టారు వెతికి వెతికి చదివినవి రైతుల కథలు. గడ్డి ఎవరిది, గొర్రె ఎవరి మందలోది, ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం మీద హక్కు ఎవరికి, ఇవీ అక్కడి పేచీలు. మనిషి లోపల ఏమనుకున్నాడో ఆ కథలు చెప్పవు. ఏమన్నాడో, ఏం చేశాడో చెప్పి ఊరుకుంటాయి. చావబోయేవాడు కూడా వాన పడేట్టుందన్నంత మామూలుగా మాట్లాడతాడు. పొగడ్తలకు అలవాటు పడ్డ చెవికి ఆ వచనం మొదట్లో చప్పగా ఉంటుంది. తర్వాత తక్కినవన్నీ అతిగా తోస్తాయి. నాకు అదే జరిగింది.

ఆ పుస్తకం ఆయనకు హైదరాబాదులో ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీద, టైపు నేర్పే పుస్తకాల కింద దొరికిందట. సిలబస్‌కు దానితో ఏ సంబంధమూ లేదు. మా చుట్టుపక్కల పల్లెల వాళ్ళకు సాయంత్రం ఒక్కటే బస్సు. తల్లాడ మీదుగా రావలసిన ఆ బస్సు ఎప్పుడూ ఆలస్యమే. చివరి పీరియడ్‌కూ ఆ బస్సుకూ మధ్య మేం కాలేజీలో పడి ఉండేవాళ్ళం. మాస్టారు ఆ ఖాళీని పట్టుకున్నారు. ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి, దాన్ని తన తెలుగులోకి మార్చి చెప్పేవారు. బెంచీల మధ్య నడుస్తూ చదివేవారు. కొట్లాట దగ్గరపడుతుంటే నడక వేగం పెరిగి, గది చాలక వరండాలోకి వెళ్ళిపోయేవారు. గొంతు ఒక కిటికీలోంచి ఇంకో కిటికీకి మారుతుంటే మేమూ తలలు తిప్పుతూ వినేవాళ్ళం. ఎవరు చచ్చారో తెలియడానికి ఆయన మళ్ళీ గుమ్మంలోకి రావాలి.

పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. అందులో యోధులు కొమ్ముల టోపీలు పెట్టుకుని ఉంటారు. అది చూసి, కోయగూడెం నుంచి వచ్చే మా తోటి విద్యార్థి ఒకడు, "సార్, గిది మా కొమ్ముల ఆట లెక్కనే ఉన్నది గద" అన్నాడు. పండగల్లో అడవి దున్న కొమ్ములు కట్టుకుని ఆడతారు వాళ్ళు.

"ఆళ్ళకు కొమ్ముల్లేవురా" అన్నారు మాస్టారు. "బొమ్మేసినోడు పెట్టిండు. నిజం కొమ్ములు చూడాల్నంటే ఆళ్ళే మీ గూడేనికి రావాలె."

ఆ రోజు నుంచి ఆ కుర్రాడు ముందు బెంచీలో కూర్చున్నాడు.

సాగాలన్నీ తాతల పేర్లతో మొదలవుతాయి. ఫలానావాడి కొడుకు ఫలానా, వాడి కొడుకు ఫలానా, అంటూ పేజీలకు పేజీలు. మేం వాటిని దాటేద్దామని బతిమాలేవాళ్ళం. ఆయన ఒక్క పేరూ వదలకుండా బోర్డు మీద వంశవృక్షం గీసేవారు. "తాతల పేర్లు దాటేసినోనికి మనవల కొట్లాట అర్థంగాదు" అనేవారు. కథ ముగిశాక, ఎప్పుడూ ఒకటే ప్రశ్న అడిగేవారు: మొదటి దెబ్బ ఎవరిది? ఒకరు చివరి హత్య దగ్గర మొదలుపెట్టేవారు. ఇంకొకరు దానికి ముందు జరిగిన దొంగతనం దగ్గరికి వెళ్ళేవారు. అంతకు ముందు ఒక విందులో ఒకడు ఇంకొకడి కుర్చీలో కూర్చున్నాడని మరొకరు గుర్తుచేసేవారు. ఏ రోజూ మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. ఆయన జవాబు చెప్పేవారు కాదు. బస్సు హారన్ వినిపిస్తే గొడుగు తీసుకునేవారు.

ఆ దీవికి మనుషులు మొదట వలస వచ్చిన కథ చదివిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. సొంత దేశంలో రాజు ఒత్తిడి పడలేక ఓడలెక్కి వచ్చి, నిప్పులు వెలిగించి హద్దులు వేసుకున్న రైతులు వాళ్ళు. నేను లేచి, ఇది మా కథే అన్నాను. మా తాత కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండి మీద వచ్చి, సత్తుపల్లి అవతల అడవి మొదలయ్యే చోట పొలం చేశాడు. ఇంట్లో ఆ వలస కథ విని పెరిగినదాన్ని. గర్వంగా చెప్పాను.

మాస్టారు నడక ఆపారు. "ఆళ్ళు పోయిన దీవి ఇంచుమించు ఖాళీగ ఉండె. మీరు వచ్చిన అడివి ఖాళీగ లేకుండె."

"మా తాత చెట్లు నరికి పొలం చేశాడు మాస్టారు. ఎవర్నీ కొట్టలేదు."

"అవ్. నరికిండు" అని, మళ్ళీ పేజీ అందుకున్నారు.

ఆ రెండు మాటలనూ మనసులో తిప్పుకుంటూ, బస్సులో కిటికీ ఊచ పట్టుకుని ఊగుతూ ఇంటికి వెళ్ళాను.

సాగాల కంటే పాతవి ఆ దేశపు దేవతల పాటలు. వాటిలో దేవతలు గెలవరు. లోకం చివర జరిగే యుద్ధంలో చస్తామని వాళ్ళకు ముందే తెలుసు. తెలిసీ ఆయుధాలు సిద్ధం చేసుకుంటారు. ఇంటికెళ్ళి ఇది మా నాయనమ్మకు చెబితే, "ఓడిపోయే దేవుడికి దణ్ణం ఎవడు పెడతాడే" అంది. ఆ ప్రశ్నను మాస్టారికి చేరవేశాను. ఆయన నవ్వి నవ్వి, "మీ నాయనమ్మను క్లాసుకు తీసుకరా" అన్నారు.

దేవతల విందులోకి ఒకడు చొరబడి, ఒక్కొక్కరినీ వరసపెట్టి దెప్పే పాట ఒకటుంది. అది నా ప్రాణం. ప్రతి దేవత గుట్టూ వాడికి తెలుసు. నేను ఆ పద్ధతి దొంగిలించి కాలేజీల మధ్య జరిగిన డిబేటు పోటీలో అవతలి జట్టును ఒక్కొక్కరుగా కూల్చాను. కప్పు తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టాను. ఆయన కప్పు చూడలేదు. "ఆ పాటల ఆడు అన్నీ నిజాలే అన్నడు. అయినా ఆఖరుకు బండకు కట్టేసిండ్రు. ఎందుకు?" అన్నారు. నిజం చెప్పేవాణ్ణి ఎక్కడైనా కట్టేస్తారన్నాను. "అందరి గుట్టు జెప్పిండు. ఆని గుట్టు ఆడు జెప్పలే" అన్నారు. అది న్యాయమైన తీర్పు కాదని నేను అప్పుడూ వాదించాను. ఇప్పుడు క్యాంపస్‌లో చర్చకు లేచిన ప్రతిసారీ ఆ మాట నాకంటే ముందే లేచి నిలబడుతుంది.

ఎక్కడి మంచు, ఎక్కడి మిర్చిచేలు, మనకు పురాణాలు లేవా అని అడిగేవాళ్ళు క్యాంపస్‌లో నాకు రోజూ తగులుతారు. పొరుగింటి తగాదా చూస్తే మనింటి తగాదా అర్థమవుతుందని వాళ్ళకు చెబుతాను. మన పురాణాల్లో మనం ఎటువైపో మనం పుట్టకముందే నిర్ణయమైపోయింది. ఆ దీవి కథల్లో నేను ఎవరి పక్షమూ కాదు. అందుకే అక్కడ ఇద్దరి తప్పూ కనబడుతుంది. ఒకసారి కన్ను అలవాటు పడితే ఇంటికొచ్చాక కూడా ఊరుకోదు. ఇది వాదన కోసం అంటున్న మాట కాదు. ఆ కథలు చదివినందువల్ల మా ఇంట్లో ఒక ప్రాణం నిలిచింది.

మా నాన్న పోయిన ఏడాది బాబాయి మా ఉమ్మడి గట్టు చెక్కాడు. వ్యవసాయం ఎరగని పాఠకులకు చెప్పాలి. రెండు పొలాల మధ్య మట్టి గట్టు ఉంటుంది. దుక్కి సమయంలో తన వైపు నుంచి పారతో కాస్త చెక్కి, ఆ మట్టిని అవతలి వైపుకు వేస్తే గట్టు నడుస్తుంది. ఏటా కాస్త నడిస్తే పొలమే నడిచిపోతుంది. నాయనమ్మకు ఇద్దరూ కన్నకొడుకులే. కానీ పెద్దకొడుకు చితి ఆరకముందే చిన్నకొడుకు పార పట్టాడన్నది ఆవిడ మనసులో గడ్డకట్టింది. తర్వాత బాబాయి గేదెలు మా మిర్చిలో పడ్డాయి. అన్నయ్య వాటిని బందెలదొడ్డికి తోలాడు. మా మోటారు పైపు ఎవరో కోశారు. అన్నయ్య వెళ్ళి బాబాయి కొడుకు చెయ్యి విరిచాడు. తొలకరి పడగానే మనుషుల్ని పెట్టి గట్టు పూర్తిగా దున్నేస్తామని బాబాయి ఇంటి నుంచి కబురొచ్చింది. అన్నయ్య గొడ్డలి సానబట్టించుకుని వచ్చి తలుపు వెనక ఆనించాడు.

ఆ మధ్యాహ్నం అన్నయ్యా నేనూ అన్నానికి కూర్చున్నాం. నాయనమ్మ వడ్డిస్తూ నా వైపు తిరిగి, "అమ్మాయ్, నీ గాజులు తియ్యి. మీ అన్నకి సరిపోతాయో లేదో చూద్దాం" అంది. అమ్మ, నాయనమ్మ ఇద్దరివీ బోడి చేతులు. ఆ ఇంట్లో గాజులున్నది నాకొక్కదానికే. నేను చెయ్యి కంచంలోంచి తియ్యలేదు. అన్నయ్య తన కంచంలో నీళ్ళు పోసి లేచిపోయాడు. అమ్మ మాత్రం వంటింట్లోంచి, "వాడొక్కడే ఉన్నాడు అత్తయ్యా" అంది. నాయనమ్మ వినిపించుకోలేదు.

మర్నాడు సాయంత్రం మాస్టారు చదివిన కథలో ఒక తల్లి ఉంది. భర్తను శత్రువులు చంపినప్పుడు ఆయన ఒంటి మీదున్న నెత్తుటి అంగీని దాచి ఉంచి, ఏళ్ళ తర్వాత భోజనానికి కూర్చున్న కొడుకుల ముందు పరుస్తుంది. సాగాల్లో కత్తి పట్టేది మగవాళ్ళయినా ఒరలోంచి దాన్ని తీయించేది చాలాసార్లు ఆడవాళ్ళ మాటే. మాస్టారు అంగీ మడత విప్పుతున్నట్టు చెయ్యి చాచారు. నేను పుస్తకాలు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఆయన నా వెనకే వరండాలోకి వచ్చారు. "ఏందమ్మా, కథ మధ్యల లేసిపోయినవ్?"

"ఆ తల్లి మా ఇంట్లోనే ఉంది మాస్టారు."

అన్నీ చెప్పాను. ఆయన సలహా ఇవ్వలేదు. గొడ్డలి సానబట్టింది నిజమేనా, తొలకరి దాకా ఎంత టైముంది అని మాత్రం అడిగారు. తర్వాత, ఆ దీవిలో తగాదాలు ఎట్ల ఆగేవో చెప్పమన్నారు.

"అందరూ చచ్చాక ఆగేవి."

"ఇంకో తొవ్వ ఉండె. మర్చినవా? తీర్పు అవతలోనికే ఇచ్చెటోళ్ళు. నువ్వే చెప్పు, మేం ఒప్పుకుంటం అని."

అది లొంగిపోవడం కదా అన్నాను. "లొంగినోడు ఇయ్యలేడమ్మా. ఆని దగ్గర ఇచ్చెటందుకు ఏముంటది? గొడ్డలి చేతిల ఉన్నోడే ఇయ్యగలడు" అన్నారు.

ఆ ఆదివారం ఆయన గొడుగుతో మా ఊళ్ళో బస్సు దిగారు. నాయనమ్మ ఆయన్ని అరుగు మీదే నిలేసింది. "మాస్టారూ, పుస్తకాలు మీరు చూసుకోండి. గట్లు మేం చూసుకుంటాం." ఆయన "అట్లనే అమ్మా, ఓ గిలాస మంచినీళ్ళు ఇయ్యరాదు" అని కూర్చున్నారు. నీళ్ళు తాగాక మా అన్నయ్యకు గట్టు గురించి ఒక్క మాట చెప్పలేదు. కథ చెప్పారు. అన్నయ్య పదో తరగతి తప్పాక పుస్తకం ముట్టినవాడు కాదు. కానీ ఆ కథలో రైతులు, హద్దులు, కొడవళ్ళు ఉన్నాయి. మాస్టారు చెబుతూ చెబుతూ లేచి వాకిట్లో తిరగడం మొదలుపెట్టారు. అన్నయ్య తల కూడా ఆయనతో పాటు తిరిగింది. సభలో అందరూ చూస్తుండగా, బలం తన వైపున్న మనిషి లేచి తీర్పును శత్రువు చేతిలో పెట్టే ఘట్టం వచ్చింది. ఆ సభలో గాలి కూడా ఆగిపోయిందన్నారు మాస్టారు. పుస్తకంలో ఆ వాక్యం లేదని నాకు తెలుసు.

"మరి అవతలోడు ఏం చెప్పాడు?" అన్నాడు అన్నయ్య.

"ఆ కథల న్యాయంగనే చెప్పిండు. మీ కథల ఏం చెప్తడో నాకెట్ల ఎరుక?" అని, గొడుగు తీసుకుని బస్సుకు వెళ్ళిపోయారు.

అన్నయ్యకు శాంతి నచ్చిందని నేను అనుకోను. గాలి ఆగిపోయిన ఆ సభ నచ్చింది. మూడో రోజు పొద్దున, ఊరంతా చూస్తుండగా గొడ్డలి భుజాన వేసుకుని బాబాయి ఇంటికి నడిచాడు. నేనూ అమ్మా వెనకాల పరుగెత్తాం. బాబాయి కర్ర తీసుకుని గుమ్మంలోకి వచ్చాడు. అన్నయ్య గొడ్డలి ఆయన అరుగు మీద పెట్టి, "బాబాయ్, గట్టు ఎక్కడుండాలో నువ్వే చెప్పు. నేను అడ్డు చెప్పను" అన్నాడు. బాబాయి చేతిలో కర్ర కిందికి దిగింది. "రేపు చెబుతాను" అని లోపలికి వెళ్ళిపోయాడు. గొడ్డలి అక్కడే ఉండిపోయింది.

మర్నాడు బాబాయి తీర్పు చెప్పాడు. తాను చెక్కిన చోటే గట్టు ఉంటుందన్నాడు. ఒక్కచోట మాత్రం, ఇప్పచెట్టు దగ్గర, గట్టును చుట్టూ వంచి, చెట్టును రెండు పొలాలకూ బయట వదిలేశాడు. అంటే తీసుకున్నది తీసుకున్నట్టే ఉంచుకున్నాడు. అన్నయ్య తలూపి వచ్చేశాడు. "గొడ్డలీ ఇచ్చాడు, గట్టూ ఇచ్చాడు. మగాడు!" అంది నాయనమ్మ. తొలకరి పడింది. ఎవరి దుక్కి వాళ్ళు దున్నుకున్నారు. నెత్తురు పడలేదు. ఆ దసరాకు బాబాయి ఆ గొడ్డలికి కొత్త పిడి వేయించి తనే తెచ్చి మా తలుపు పక్కన ఆనించి వెళ్ళాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మరుసటి ఏడు వచ్చాడు.

నేను మాస్టారి మీద విరుచుకుపడ్డాను. మీ పద్ధతి న్యాయవంతుల మధ్యే పనికొస్తుంది, మా బాబాయి దగ్గర మేం ఓడిపోయాం, మీ దీవి మమ్మల్ని మోసం చేసింది అన్నాను. ఆయన సాసర్లో చాయ్ ఊదుకుంటూ అంతా విన్నారు.

"మీ అన్న ఉన్నడు గద?"

"ఉన్నాడు. పొలం పోయింది."

"మొదటి దెబ్బ ఎవరిది?"

"బాబాయిదే. గట్టు చెక్కింది ఆయన."

"ఇంకా ఎనుకకు పో" అన్నారు.

నేను పోలేదు. పరీక్షలు రాశాను, యూనివర్సిటీకి వచ్చాను, వేదికలెక్కాను. ఆయన ఉన్నంతకాలం ఆ ప్రశ్నకు గడువు ఉందనుకున్నాను. కలిసినప్పుడల్లా ఆయన అడుగుతారని భయపడేదాన్ని. ఆయన మళ్ళీ అడగనేలేదు. ఒకసారి అడిగిన ప్రశ్నను రెండోసారి అడిగే అలవాటు ఆయనకు లేదు.

సంతాప సభ అయ్యాక ఇంటికి వెళ్ళాను. నాయనమ్మ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నా గట్టు పోగొట్టాడు ఆ మాస్టారు" అంది. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నేను పక్కన కూర్చుని అడిగాను. బాబాయి చెక్కకముందు గట్టు ఎక్కడుండేదని. చూపించినట్టే చెప్పింది. అంతకు ముందు? నాన్నా బాబాయీ పంచుకున్నప్పుడే ఆ గట్టు వేశారు. అంతకు ముందు?

"అంతకు ముందు గట్టెక్కడిదే. మీ తాత వచ్చేనాటికి అక్కడ కోయోళ్ళ జొన్నచేను ఉండేది."

"చెట్లు నరికి పొలం చేశాడన్నారు గదా?"

"చేను పక్కన నరికాడు. తర్వాత చేనూ కలిసింది."

"ఎట్లా కలిసింది? కొట్లాడాడా?"

నాయనమ్మకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "ఎవర్నీ కొట్టలేదే అమ్మాయ్. నవ్వుతూ మాట్లాడి తీసుకున్నాడు. ఆ ఇంటి ముసలమ్మ మాత్రం ఇప్పచెట్టు మాదే అంది. చేను పోయినా చెట్టు ఆ ఇంటిదే, వాళ్ళ పద్ధతి అది. మీ తాత సరేనన్నాడు. అందుకే మీ బాబాయి అక్కడ గట్టు వంచాడు. ఎంత గొడవైనా వాడికి ఆ మాత్రం తెలుసు."

తాతల పేర్లు దాటేసినోనికి మనవల కొట్లాట అర్థంగాదు. మాస్టారు బోర్డు మీద ఎన్ని వంశవృక్షాలు గీశారో, నా ఎదురుగా మా ఇంటి వంశవృక్షం గీయకుండా ఎందుకు వదిలేశారో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఆయనతో నా వాదన తెగలేదు. ఇద్దరు అన్నదమ్ముల ఇళ్ళు రాజీపడింది మూడో ఇంటి నేల మీద అయితే, దాన్ని న్యాయం అనవచ్చా అని ఆయన్ని నిలదీయాలని ఉంది. తీర్పు చెప్పే హక్కు ఆ మూడో ఇంటి చేతిలో పెట్టాలని ఆయనకు ముందే తెలుసా అని అడగాలని ఉంది. అడిగితే ఆయన తిరిగి ఏమంటారో కూడా తెలుసు: గొడ్డలి ఇప్పుడు ఎవరి చేతిల ఉన్నది?

తెల్లారి పొలానికి వెళ్ళాను. ఇప్పపూలు రాలే కాలం. గూడెం నుంచి వచ్చిన ఆడవాళ్ళు చెట్టు కింద ఆకులు ఊడ్చి, వంగి పూలు ఏరుతున్నారు. మా గట్టు వాళ్ళకు లెక్కలేదు. ఒక బుట్ట మా వైపు ఉంది, ఒకటి బాబాయి వైపు ఉంది. నేను గట్టు వంపు దగ్గర నిలబడి, ఎవరి పక్షాన ఏం మాట్లాడాలా అని ఎప్పటిలాగే మాటలు పేర్చుకుంటున్నాను. ఏరుకుంటూ ఏరుకుంటూ ఒకామె నా దాకా వచ్చి, తల ఎత్తకుండానే అంది:

"జరుగమ్మా. పువ్వు తొక్కుతున్నవ్."

జరిగాను. నా పాదం ఉన్న చోట మెత్తగా నలిగిన పూలను కూడా ఆమె ఏరి బుట్టలో వేసుకుంది. పైనుంచి ఇంకొకటి రాలి, గట్టు మీద పడింది.